తూముకి ఇవతలి పక్క

ఇంట్లో ఫ్రిజ్ అన్నాక అందులో ఐసు ఉండాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. కానీ రెండో అంతస్తులో లిఫ్టు పక్క ఫ్లాటులో ఐసు ముక్క కావాలంటే చెప్పులేసుకుని కింద కొట్టుకి వెళ్ళాలి, అక్కర్లేని కూల్‌డ్రింకు ఒకటి కొనాలి, ఆ తర్వాత మొహమాటం చంపుకుని ఓ గుప్పెడు ఐసు అడుక్కోవాలి. అలాగని ఆ ఇంట్లో ఫ్రిజ్ లేకపోలేదు. నిక్షేపంలా ఉంది, రెండు తలుపులది. పై తలుపు తీస్తే డబ్బాలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి, ఒద్దికగా, మూతలకి టేపు వేసి, తేదీలు రాసి. వాటిల్లో ఉన్నది అడవిపిల్లి పెంటికలు.

ఐసు అవసరం ఆ ఇంటి అత్తగారిది. మోకాళ్ళ నొప్పులు.

"డాక్టరేమో రెండు పూటలా ఐసు పెట్టమన్నాడు. కోడలేమో ఫ్రిజ్‌లో పిల్లిది పెట్టింది. ఎవరి మాట వినాలి నేను?" అని ఆవిడ ఇంటికి వచ్చినవాళ్ళందరినీ అడుగుతుంది. వచ్చినవాళ్ళు తాగుతున్న మంచినీళ్ళ గ్లాసు మెల్లగా కింద పెట్టేస్తారు.

కోడలు వన్యప్రాణుల మీద పరిశోధన చేస్తుంది. వన్యప్రాణులంటే పులులూ, ఏనుగులూ, జీపులూ, టోపీలూ అనుకుని సంబంధం ఖాయం చేసుకున్నారు. తీరా చూస్తే ఆవిడ చదువంతా పిల్లులు ఏం తింటాయి, ఎటు పోతాయి అన్నదాని మీద. అవి ఏం తిన్నాయో అడిగితే చెప్పవు కాబట్టి, తిన్నాక వదిలేసినదాన్ని వెతికి తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, జల్లెడలో కడిగి, మిగిలిన వెంట్రుకలూ ఎముకలూ పళ్ళూ చూసి ఇది ఎలుక, ఇది తొండ, ఇది నీటికోడి అని తేల్చుకోవాలి. ఆ జల్లెడ ఒకప్పుడు ఇంట్లో టీ వడకట్టినదే. దాన్ని తీసుకున్నరోజే వంటింటికి కొత్తది కొన్నానని కోడలు చెబుతుంది. ఏది కొత్తది, ఏది పాతది అన్న విషయంలో అత్తగారికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. అందుకని ఆవిడ టీ మానేసి పాలు తాగుతోంది.

ఇవన్నీ ఆఫీసులో ఉండాల్సిన డబ్బాలే. ఆఫీసు డీప్ ఫ్రీజరు చెడిపోయింది. మెకానిక్కు వచ్చి చూసి, పార్టు రావాలన్నాడు. ఆ పార్టు ఎక్కడినించి బయల్దేరిందో గానీ, ఇంకా దారిలోనే ఉంది.

అపార్ట్‌మెంటులో ఆవిడకి పెంటికల మేడమ్ అని పేరు. మొహం మీద మాత్రం మేడమ్ అంటారు. మనమూ అలాగే అందాం.

మేడమ్ పని జరిగే చోటు మరీ దూరమేం కాదు. అపార్ట్‌మెంటు ముందు పెద్ద రోడ్డు. అవతల జమ్ము పెరిగిన మడుగు. ఇవతల అపార్ట్‌మెంటు, దాని పక్కనే ముళ్ళపొదలతో నిండిన ఖాళీ స్థలం. రోడ్డు మధ్యలో నిలువెత్తు సిమెంటు గోడ. ఆ రోడ్డు కిందనించి, వాననీళ్ళు పోవడానికని ఎప్పుడో కట్టిన తూము ఒకటి ఉంది. నీళ్ళు పోయేది ఎప్పుడో ఒకసారి. మిగతా కాలమంతా అది ఓ అడవిపిల్లికి రాచబాట. మడుగులో వేట, పొదల్లో నిద్ర. సాయంత్రం అటు, తెల్లవారి ఇటు. ఉద్యోగస్తుల కంటే పద్ధతిగా తిరిగేది.

పోయినేడాది ఇంకో పిల్లి తూముని కాదని పైనించి దాటబోయింది. మధ్యలో సిమెంటు గోడ ఎక్కలేకపోయింది. దాన్ని మేడమే రోడ్డు మీదనించి అట్టముక్కతో ఎత్తి తెచ్చింది. ఆ విషయం ఆవిడ ఎవరికీ చెప్పదు. అడిగితే, "ఆడపిల్లి. పాలిస్తోంది" అని రెండు ముక్కల్లో చెప్పి వేరే మాటలోకి వెళ్ళిపోతుంది.

తూము రెండు మూతుల దగ్గరా మేడమ్ సన్నటి సున్నప్పొడి జల్లించి పరుస్తుంది. దానిమీద పిల్లి నడిస్తే అడుగులు పడతాయి. అటు పోయిందా, ఇటు వచ్చిందా, ఒంటరిగానా, తోడు ఉందా, అన్నీ అందులో ఉంటాయి. తూము గోడకి ఓ కెమెరా కూడా కట్టింది. ఎదురుగా ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీస్తుంది. అది సరిగ్గా పిల్లి ఎత్తుకి కట్టారో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు పిల్లిలా నాలుగు కాళ్ళ మీద దాని ముందునించి పోవాలి. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే అది. కాకపోతే వాళ్ళంతా అడవుల్లో చేస్తారు. ఈవిడ, పొద్దున్నే నడకకి వచ్చే పెద్దమనుషుల ముందు చేసింది.

"సెక్రటరీ గారూ, మీ ఆవిడ తూములో పాకుతోందండీ" అని ప్రెసిడెంటు గారు ఫోను చేశాడు.

సెక్రటరీ అంటే మేడమ్ భర్త. అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ. ఆ పదవి అందరూ వద్దన్నందువల్ల వచ్చింది. ఆయన మంచివాడు. ఎవరితోనూ గొడవ పడడు, ఎవరి పక్షమూ పట్టడు. ఇంట్లో అమ్మ మాటా రైటే, భార్య మాటా రైటే. ఆ ఇంట్లో అసలైన గోడమీద పిల్లి ఆయనే అని మేడమ్ అభిప్రాయం. దానిమీద మాత్రం ఆవిడ పరిశోధన చేయలేదు.

"కెమెరా పరీక్షండీ అది" అన్నాడు సెక్రటరీ ఫోనులో.

"అదేదో చీకట్లో చేసుకోమనండి. మన బిల్డింగుకి ఓ పరువుంది."

ఆ పరువుకి ప్రత్యక్ష రూపం ప్రెసిడెంటు గారి కారు. రిటైరయ్యాక కొన్నాడు. గీతలు పడతాయని రోడ్డెక్కించలేదు. సీట్ల మీద కంపెనీవాళ్ళు వేసిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. కారు మీద నేలదాకా దిగే మందపాటి కవరు, ఆ కవరు గాలికి లేవకుండా చుట్టూ ఇటుకలు. ప్రతి ఆదివారం ఆయన కవరు ముందువైపు కొంచెం ఎత్తి, బానెట్టుని ఓసారి నిమిరి, మళ్ళీ కప్పేస్తాడు. తను ఎక్కడికి వెళ్ళినా ఆటోలోనే వెళతాడు.

గొడవ మొదలైంది ఓ సాయంత్రం. మూడో అంతస్తు టీచరమ్మ బాల్కనీలో బట్టలు తీస్తూ, ప్రహరీ గోడ మీద ఏదో నడవడం చూసింది. ఇసుక రంగు, పొడుగాటి కాళ్ళు, తోక చివర నల్ల చారలు. ఆవిడ ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టింది. ఫొటోలో బట్టలు బాగా పడ్డాయి. కాసేపటికి అది చిరుతపులి పిల్ల అయింది. ఇంకాసేపటికి తల్లి చిరుత కూడా చుట్టుపక్కలే ఉంటుందని ఒకాయన పెట్టాడు. ఇంకొకాయన నమస్కారం బొమ్మ పెట్టాడు, ఎందుకో తెలీదు. 'అది అడవిపిల్లి. ఎలుకల్ని తింటుంది. మనుషుల జోలికి రాదు' అని మేడమ్ పెట్టింది. దానికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

సమావేశం పెట్టారు. కింద హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, ప్లేట్లలో బిస్కెట్లు.

"అది ఎక్కడినించి వస్తోంది? తూములోనించి," అన్నాడు ప్రెసిడెంటు. "తూముకి గ్రిల్లు పెట్టిస్తే సరి. రావడం బందు. మున్సిపల్ ఇంజినీరుతో మాట్లాడాను. ఆయన రెడీ."

"గ్రిల్లు పెడితే అది ఎటు పోతుందండీ?" అంది మేడమ్ లేచి నిలబడి.

"ఎటైనా పోనీండమ్మా. మనకెందుకు? అడవికి పోతుంది."

"అడవంటే ఎక్కడ?"

ప్రెసిడెంటు గారు చేత్తో దూరంగా చూపించాడు. అటు సూపర్‌మార్కెట్టు ఉంది.

"నిరుడు మనం ఎలుకలకి మందు పెట్టించాం. ఇప్పటికీ పెడుతున్నాం," అంది మేడమ్. "ఆ మందు తిన్న ఎలుకని అది తింటే చస్తుంది. మడుగుకి పోయి వేటాడుకుంటోంది కాబట్టి బతికుంది. ఆ దారి మూస్తే మీరు దానికి గ్రిల్లు పెట్టినట్టు కాదు, విషం పెట్టినట్టు."

"ఎమోషనల్ అవ్వకండి మేడమ్," అన్నాడు నమస్కారం బొమ్మ పెట్టినాయన.

"ఎమోషనల్ కాదండీ. పెంటికలు కడిగి చెబుతున్నాను."

ఆ మాటతో బిస్కెట్లు ఆగిపోయాయి. చేతులెత్తమన్నారు. ఎత్తారు. సెక్రటరీ చెయ్యి సగం లేచి, గడ్డం దగ్గరికి వచ్చి, అక్కడ దురద ఉన్నట్టు గోక్కుని ఆగిపోయింది.

ఇంజినీరు రెడీయే గానీ ఆయనకో కాగితం కావాలి. 'ఈ తూములో జంతువుల రాకపోకలు లేవు' అని మేడమ్ పనిచేసే పరిశోధన సంస్థ రాసివ్వాలి. సంస్థలో ఆ తూము చూసేది మేడమ్ ఒక్కతే. అంటే పిల్లి లేదని, పిల్లిని రోజూ చూసే మనిషే రాయాలి. ఆ కాగితం సెక్రటరీ చేతికిచ్చి ఇంటికి పంపారు.

భోజనాలయ్యాక ఆయన దాన్ని బల్లమీద, నీళ్ళ జగ్గు కింద సగం కనబడేట్టు పెట్టాడు.

"ఏంటది?"

"ఏమీ లేదు. ఓ సంతకం. తీరిగ్గా చూడు."

మేడమ్ చదివింది. జగ్గు ఎత్తి, కాగితం తడవలేదని చూసి, మడత పెట్టి ఆయన జేబులోనే పెట్టింది.

"నేను రాయను."

"ఒక్క సంతకమే గదా. పిల్లి వచ్చి చదువుకుంటుందా?"

"పిల్లి చదవదు. నేను చదువుకున్నాను."

"నా పరిస్థితి కొంచెం ఆలోచించు. అటు వాళ్ళు, ఇటు నువ్వు. మధ్యలో నేను నలిగిపోతున్నాను."

"మధ్యలో ఎవరు నించోమన్నారండీ మిమ్మల్ని? రోడ్డు మధ్య సిమెంటు గోడలాగా. అటువాళ్ళు ఇటు రాలేరు, ఇటువాళ్ళు అటు పోలేరు. మీ వల్ల ఉపయోగమేంటి?"

అత్తగారు టీవీ సౌండు తగ్గించింది. సీరియల్ కంటే ఇది బావుంది.

"రాసేయవే అమ్మాయ్," అంది ఆవిడ. "పిల్లి పోతే ఆ డబ్బాలూ పోతాయి. నాకు ఐసు వస్తుంది."

"అత్తయ్యా, మీ ఇంటి గుమ్మానికి ఎవరైనా బయటినించి తాళం వేసి, లోపల మనుషులు లేరని కాగితం రాయించుకుంటే మీరేం చేస్తారు?"

అత్తగారు ఆలోచించింది. "వాళ్ళ మొహాన పేడ కొడతాను."

"నేను అంత దూరం పోవట్లేదు. సంతకం పెట్టనంటున్నాను, అంతే."

మర్నాడు సంస్థ డైరెక్టరు పిలిచాడు. ఆయన గదిలో కుర్చీ వెనక గోడకి పెద్ద పులి ఫొటో ఉంటుంది. ఆయన పులిని జూలో తప్ప చూడలేదు గానీ, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి పులి ఆయన భుజం మీద చెయ్యేసినట్టు కనబడేలా కుర్చీ వేయించుకున్నాడు. సంస్థకి కొత్త మీటింగు హాలు కట్టాలి. ఆ ప్లాను మీద సంతకం చేయాల్సింది తూము ఇంజినీరు గారి ఆఫీసే.

"చూడమ్మా. లేదు అని రాయొద్దు. నేనూ సైంటిస్టునే. 'గమనించబడలేదు' అని రాయండి. ఆ రెంటికీ చాలా తేడా ఉంది."

"నేను గమనించాను సార్. రోజూ పొద్దున్నే."

"మీరు గమనించారు. సంస్థ గమనించలేదు."

"సంస్థలో గమనించే ఉద్యోగం నాదే సార్."

డైరెక్టరు పేపరు వెయిట్ తిప్పాడు. "మొండితనం మంచిది కాదమ్మా. ఒక్క పిల్లి కోసం కెరీరు పాడుచేసుకుంటారా?"

"పిల్లి కోసం కాదు సార్. ఈ ఒక్కటీ లేదని రాశాననుకోండి, ఇదివరకు నేను ఉన్నాయని రాసినవన్నీ ఎవరు నమ్ముతారు? మీ వెనక పులి కూడా అనుమానంలో పడిపోతుంది."

ఆయన వెనక్కి తిరిగి పులిని చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, మేడమ్‌కి విశ్రాంతి అవసరమనీ, లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని ప్రశాంతంగా ఉంటుందనీ, కెమెరా స్టోర్సులో అప్పగించమనీ చెప్పాడు. సంఘానికి మాత్రం 'విషయం పరిశీలనలో ఉన్నది' అని ఓ ఉత్తరం పంపాడు. దాన్ని సంఘం 'అభ్యంతరం లేదు' అని చదువుకుంది. ఇంజినీరు 'అలాగే' అని చదువుకున్నాడు. చదువుకున్నవాళ్ళతో వచ్చే సౌకర్యమే అది.

మేడమ్ పుస్తకాలు సర్దింది. తూములో పిల్లి తిరుగుతోందని రిపోర్టు రాసి డైరెక్టరు బల్ల మీద పెట్టి, కెమెరా ఇచ్చేసింది. సున్నప్పొడి మాత్రం సొంతంగా కొనుక్కుంది. పొద్దున్నే తూము దగ్గర పరవడం, చూడడం, ఆ తర్వాత లైబ్రరీకి పోవడం. "ఇప్పుడు ఇది నీ డ్యూటీ కూడా కాదు గదా?" అన్నాడు భర్త. "కాదు. అందుకే ఎవరూ ఆపలేరు" అంది ఆవిడ.

గ్రిల్లు పెట్టింది ఓ మధ్యాహ్నం. మేడమ్ లైబ్రరీనించి వచ్చేసరికి వెల్డరు సామాను సర్దుకుంటున్నాడు. తూము మూతికి మెరిసిపోయే ఇనప చట్రం. ప్రెసిడెంటు గారూ, మరికొందరూ దాని ముందు నిలబడి ఫొటో దిగుతున్నారు. మేడమ్ వాళ్ళని దాటుకుని వంగి, తెల్లవారకముందే తను పరిచిన పొడిని చూసింది. వెల్డరు చెప్పుల గుర్తుల మధ్య, అక్కడక్కడ చెరగకుండా మిగిలిన గుండ్రటి అడుగులు. అన్నీ ఒకే వైపు. అటు నించి ఇటు.

ఆవిడ లేచి నిలబడింది.

"ఇది పొద్దున్న పడుకోవడానికి ఇటు వచ్చింది. మళ్ళీ అటు పోలేదు."

"అంటే?"

"అంటే మీరు పిల్లిని బయట పెట్టలేదు. మనతో పాటు లోపల పెట్టి గడియ వేశారు."

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఖాళీ స్థలం వైపు చూసి, కాస్త తొందరగా ఇళ్ళకి బయల్దేరారు.

మేడమ్ ఆ రోజునించి ఎలుకల మందు వేటలో పడింది. మెట్ల కింద, మీటర్ల గదిలో, చెత్తడబ్బాల వెనక పెట్టిన నీలం బిళ్ళలన్నీ ఏరి సంచిలో వేసింది. సంఘం ఆస్తిని తీసేస్తున్నారని కోశాధికారి నోటీసు రాశాడు. దాని వెనకవైపు తెల్లగా ఉందని ఆవిడ పిల్లి అడుగుల బొమ్మ గీసుకుంది.

తర్వాత వారం ప్రెసిడెంటు గారి బావమరిది కొత్త ఇల్లు కొన్నాడు. చూడ్డానికి రమ్మన్నాడు. ఈ బావమరిది ఎప్పుడో "బావగారికి కారు ఉంది గానీ, కదిలినట్టు సాక్ష్యం లేదు" అన్నాట్ట. కాబట్టి కారులో వెళ్ళాల్సిందే. ప్రెసిడెంటు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యాసమేతంగా కిందికి దిగి, ఇటుకలు ఒక్కొక్కటే తీసి, కవరు వెనకవైపు పైకెత్తాడు.

కిందనించి, ప్రెషరు కుక్కరు కూత పెట్టబోయే ముందు చేసేలాంటి శబ్దం వచ్చింది.

"టైరులో గాలి పోతోందండీ!" అంది భార్య.

ప్రెసిడెంటు గారు ఇస్త్రీ చొక్కాతోనే మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు నేలకి ఆనించి, తల కిందికి వంచి, కొంచెం ముందుకి పాకాడు. టైరు పక్కన రెండు కళ్ళు. పచ్చగా. ఆ కళ్ళ కింద, కారు కవరు చివర చింపి చేసిన మెత్తటి పరుపు మీద, ముద్దముద్దగా పిల్లలు. చుట్టూ నీడ, గాలీ వానా తగలవు, ఎవరూ కదిలించరు. ఊళ్ళో అంత భద్రమైన చోటు ఇంకోటి లేదు. ఆ భద్రత అంతా ఆయన స్వయంగా కల్పించిందే.

ఆయన పాకినదాని కంటే వేగంగా వెనక్కి పాకాడు.

కేకలకి బిల్డింగంతా దిగింది. మేడమ్ ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, కాస్త దూరంలో, కారుకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చుంది.

"జరగండి మేడమ్. కర్రతో అదిలిస్తే పోతుంది," అన్నాడు నమస్కారం బొమ్మాయన.

"ఎటు పోతుంది? దారి మీరు మూశారు. తల్లి బెదిరిపోయి పిల్లల్ని వదిలేస్తే, ఈ పిల్లల్ని మీ ఇంట్లో పెంచుతారా?"

"నా కారు నేను తీసుకోడానికి మీ పర్మిషనేంటండీ?" అన్నాడు ప్రెసిడెంటు. మోకాళ్ళ మీద దుమ్ము దులుపుకోవడం కూడా మర్చిపోయాడు.

"పర్మిషను అక్కర్లేదు. ముందు నన్ను తీయండి, తర్వాత కారు తీయండి."

"సెక్రటరీ గారూ! మీరు చెప్పండి మీ ఆవిడకి!"

అందరూ సెక్రటరీ వైపు తిరిగారు. ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఆయనకి అలవాటైన పనే అది. కానీ ఈసారి ఎందుకో లోపలికి వెళ్ళిపోయాడు. పారిపోయాడనే అనుకున్నారంతా. మేడమ్ కూడా అనుకుంది, మొహంలో కనపడనివ్వలేదు గానీ. కాసేపటికి ఆయన ఇంకో కుర్చీ పట్టుకుని వచ్చాడు. మేడమ్ పక్కన వేసుకుని, కూర్చుని, జనాన్ని చూసి మర్యాదగా నవ్వాడు.

"కారు కదలదండీ," అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన తనంతట తను చెప్పిన మొదటి వాక్యం అదేనని అత్తగారు పైనించి, బాల్కనీలోంచి అంది. ఎగతాళిగా అందో మెచ్చుకుందో తెలీలేదు.

"అయితే ఏం చేయమంటారు?" అన్నాడు ప్రెసిడెంటు, గొంతు కాస్త తగ్గించి.

"గ్రిల్లు తీయించండి. తల్లికి తిండి మడుగులో ఉంది. ఎలుకల మందు మళ్ళీ పెట్టొద్దు. పిల్లలు నడిచేదాకా కారు జోలికి రావద్దు. అంతే."

ప్రెసిడెంటు గారు అక్కడే నిలబడి ఇంజినీరుకి ఫోను కొట్టాడు. ఇంజినీరు చాలా విచారించాడు. పెట్టిన గ్రిల్లు తీయాలంటే ఊరికే కుదరదట. ఆ తూములో జంతువుల రాకపోకలు ఉన్నాయని పరిశోధన సంస్థ రాసివ్వాలట.

ప్రెసిడెంటు డైరెక్టరుకి ఫోను కొట్టాడు. డైరెక్టరు మేడమ్‌కి ఫోను కొట్టాడు.

"అమ్మా, ఆ తూము గురించి ఓ రిపోర్టు కావాలి. అర్జెంటు. ఉన్నాయని."

"నేను లైబ్రరీలో ఉన్నాను గదా సార్."

"అబ్బే, అది తాత్కాలికం. మీ పని మీదే."

"రిపోర్టు మీ బల్ల మీదే ఉంది సార్. మీరు పరిశీలిస్తున్నారు."

అటునించి కాగితాలు కదిలిన చప్పుడు. "దొరికిందమ్మా. కాకపోతే తేదీ పాతది. ఇవాళ్టిది వేసి ఇంకోటి ఇస్తే..."

"వేయను సార్. ఉన్నాయని నేను చెప్పింది అప్పుడు. అప్పటి తేదీతోనే పంపండి. అక్షరం మారినా సంతకం నాది కాదు."

ప్రెసిడెంటు గారు పక్కనించి చేత్తో సైగ చేశాడు. "మేడమ్, మేడమ్. చిన్న మాట. అందులో మన బిల్డింగు పేరు రానీకండి. 'సమీప ప్రాంతం' అనండి. ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి."

"సమీప ప్రాంతం కాదండీ, మీ కారు కింద. దానికి వేరే కాగితం రాస్తున్నాను. ఇందాక మీరు మోకాళ్ళ మీద పాకి కళ్ళారా చూశారు గదా, సాక్షి సంతకం మీదే పెట్టాలి."

"పాకి అని రాస్తారా?"

"శాస్త్రీయంగా రాస్తాను. 'నేల మట్టంనించి పరిశీలించిరి' అని."

ఆయన జేబులో ఫోను మోగుతోంది, బావమరిది. పెన్ను తీసి సంతకం పెట్టాడు. తర్వాత ఆటో పిలిచాడు.

గ్రిల్లు తీయడానికి అదే వెల్డరు వచ్చాడు. మర్నాడు తెల్లవారి మేడమ్ వెళ్ళేసరికి పొడి మీద కొత్త అడుగులు. ఇటునించి అటు. వాటి పక్కనే మళ్ళీ అటునించి ఇటు, ఈసారి పక్కనే ఏదో ఈడ్చిన చార, రెండు తడి ఈకలు. నీటికోడివి. మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయింది. నడకకి వచ్చిన పెద్దమనుషులు ఆగి, ఏమీ అనకుండా, పొడి తొక్కకుండా పక్కనించి వెళ్ళారు. ఒకాయన నమస్కారం కూడా పెట్టాడు. ఈసారి బొమ్మ కాదు, చేతులతోనే.

ఇక్కడితో అయిపోతే బావుండేది. దారి తెరిచాం గదా, పిల్లి సంసారం ఎత్తుకుని మడుగుకి పోతుందని అందరూ అనుకున్నారు. అది పోలేదు. మడుగుకి పోయి వేటాడుకుని, మళ్ళీ కారు కిందికే వస్తోంది. పిల్లలకి కళ్ళు తెరుచుకున్నాయి గానీ, నడవాలన్న ఆలోచన ఇంకా రాలేదు. డైరెక్టరు మేడమ్‌కి కెమెరా తిరిగిచ్చాడు, మెచ్చుకున్నాడు, సంస్థ తొలినుంచీ గమనిస్తూనే ఉందని ఎక్కడో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఫ్రీజరు పార్టు మాత్రం ఇంకా రాలేదు. పైగా ఇప్పుడు పెంటికలు ఇంటి గుమ్మంలోనే దొరుకుతున్నాయి కాబట్టి డబ్బాలు కింది అరలోకి, పాలగిన్నె పక్కకి దిగాయి.

ప్రెసిడెంటు గారు రోజూ పొద్దున్నే రెండో అంతస్తుకి వచ్చి బెల్లు కొడుతున్నాడు. "నడిచాయా?" అని అడుగుతాడు. సెక్రటరీ "ఇంకా లేదండీ" అంటాడు. ఆయన సోఫాలో కూర్చుని, కారు బానెట్టు గురించి మాట్లాడి, కళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళు అడుగుతాడు. చల్లగా, ఐసు వేసి.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీలో అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా కాస్త సలహా చెప్పి పుణ్యం కట్టుకోండి. కారు మీద బెంగ పెట్టుకున్న మనిషిని ఎలా ఊరుకోబెట్టాలి? రాని పార్టుని ఎలా రప్పించాలి? మోకాళ్ళ నొప్పికి ఐసు కాక ఇంకేమైనా ఉందా? అత్తగారి తరఫున చేతులు జోడించి అడుగుతున్నాం. కాకపోతే ఓ మాట. పిల్లిని కదిలించమనీ, డబ్బాలు పారేయమనీ మాత్రం రాయకండి. ఆ సలహాలు ఇదివరకే చాలామంది ఇచ్చారు. పార్కింగులో రెండు కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. నిన్నటినించి మూడోది కూడా వేశారు, మోకాళ్ళు చాపుకోడానికి వీలుగా ముందో పీట పెట్టి.